లెక్కలో తప్పిన నాలుగు రోజులు

“ఈ సెలవుల్లో శని, ఆదివారాలు కూడా తీసేశారా?” అని అడిగింది ఆడిట్‌కి వచ్చిన అమ్మాయి. చేతిలో పెన్సిల్, ముందు మా కాలేజీ క్యాలెండరు. 2024 మార్చి పేజీ మీద ఒక్కో గడిలో చిన్న చుక్క పెట్టుకుంటూ వస్తోంది. నేను కంప్యూటర్లో సెమిస్టరు తేదీలు ఎక్కించే సెటప్ స్క్రీన్ తెరిచాను. స్ప్రింగ్ బ్రేక్ మొదలు మార్చి 4, ముగింపు మార్చి 8. మొత్తం అయిదు రోజులు. ఆ తేదీలు ఎక్కించింది నేనే. ఆ అమ్మాయి ఎందుకు అడుగుతోందో అర్థం కాగానే గుండె ఝల్లుమంది.

అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ప్రైవేటు కాలేజీ మాది. లాభాల కోసం నడిచేది కాదు. పేరు చెప్పను. అక్కడ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పని చేస్తున్నాను. నేను ఈ దేశానికి ఎఫ్-1 వీసా మీద ఎమ్మెస్ చదవడానికి వచ్చాను. మనవాళ్ళు చాలామందిలాగే నాన్న నరసరావుపేటలో ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లోను తీసుకుంటే వచ్చాను. ఎఫ్-1 మీద వచ్చినవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వ సాయం ఒక్క డాలరు కూడా రాదు. అది సిటిజన్లకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి, ఇంకా కొద్ది రకాలవాళ్ళకి మాత్రమే. నేను ఎప్పుడూ తీసుకోని సాయాన్ని మిగతా పిల్లలకి అందించే ఉద్యోగం నాకు దొరికింది. పెళ్ళయ్యి, హెచ్-4 (భర్త ఉద్యోగ వీసాని బట్టి భార్యకి వచ్చేది) మీద వర్క్ పర్మిట్ వచ్చాక ఇందులో చేరాను. ఇప్పుడు మన తెలుగు ఇళ్ళలో కూడా ఇక్కడే పుట్టిన పిల్లలు ఫాఫ్సా ఫారం (ఫెడరల్ సాయానికి పెట్టుకునే దరఖాస్తు) నింపే వయసుకి వస్తున్నారు కాబట్టి, ఆ ఫారం వెనక కాలేజీలో ఏం జరుగుతుందో తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

1965 నవంబరు 8న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్, టెక్సస్‌లో శాన్ మార్కోస్ అనే ఊళ్ళో, తను చదువుకున్న కాలేజీలోనే కూర్చుని హయ్యర్ ఎడ్యుకేషన్ యాక్ట్ మీద సంతకం చేశారు. అందులో నాలుగో భాగాన్నే మేము రోజూ టైటిల్ ఫోర్ అంటాం. పెల్ గ్రాంటు, స్టూడెంట్ లోన్లు, వర్క్ స్టడీ అన్నీ దాని కిందకే వస్తాయి. పెల్ గ్రాంటు పేద, దిగువ మధ్యతరగతి పిల్లలకి ఇచ్చేది. తిరిగి కట్టక్కర్లేదు. 2023-24లో గరిష్ఠంగా ఏడాదికి 7,395 డాలర్లు. ఈ డబ్బు కాలేజీ ఖాతాలోకి వస్తుంది కానీ కాలేజీది కాదు. సర్కారు నుంచి తీసుకున్న మూడు పనిదినాల్లో విద్యార్థి ఖాతాకి జమ చేయాలి. ఫీజు పోను మిగిలితే 14 రోజుల్లో విద్యార్థి చేతికి ఇవ్వాలి. ఇచ్చిన సంగతి 15 రోజుల్లో పై ఆఫీసుకి తెలియజేయాలి. మా పనంతా తేదీల మీదే నడుస్తుంది.

ఏడాదికి 7,50,000 డాలర్లు, అంతకు మించి ఫెడరల్ డబ్బు ఖర్చు పెట్టే, లాభాల కోసం నడవని సంస్థ ఏదైనా అప్పట్లో సింగిల్ ఆడిట్ (ఫెడరల్ డబ్బంతటికీ కలిపి ఒకే ఆడిట్) చేయించుకోవాల్సి ఉండేది. ఈ ఆడిట్‌కి మూలం 1984 నాటి చట్టం. (2024 అక్టోబరు 1న, ఆ తర్వాత మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకి ఆ హద్దు పది లక్షల డాలర్లకి పెరిగింది.) స్టూడెంట్ లోన్లు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి మాలాంటి చిన్న కాలేజీ కూడా తప్పించుకోలేదు. మన దగ్గర సర్కారు కాలేజీల్లో ఆడిట్ అంటే ప్రభుత్వమే మనుషుల్ని పంపిస్తుంది. ఇక్కడ కాలేజీయే డబ్బిచ్చి బయటి సీపీఏ (మన సీఏ లాంటివాళ్ళ) సంస్థని పెట్టుకుంటుంది. కానీ వాళ్ళు ఏం చూడాలో, ఎలా చూడాలో ప్రభుత్వం ఏటేటా ఒక పెద్ద పుస్తకంలో రాసిస్తుంది. మా ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. అక్కణ్ణుంచి తొమ్మిది నెలల్లో, అంటే మార్చి 31 లోపు, రిపోర్టు ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్ హౌస్‌కి చేరాలి. అక్కడ దాన్ని ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

ఆ సంవత్సరం మా ఆఫీసు ఎలా ఉందో కూడా చెప్పాలి. మామూలుగా అక్టోబరులో వచ్చే ఫాఫ్సా ఫారం, కొత్త రూపంలో తయారుచేయడం ఆలస్యమై, 2023 డిసెంబరు ఆఖరి రోజుల్లో గానీ తెరుచుకోలేదు. పిల్లలు నింపినవి మా దగ్గరికి చేరేసరికి మార్చి అయింది. దేశమంతా ఇదే పరిస్థితి. ఫోన్ పెట్టేలోపు ఇంకో ఫోను. తల్లిదండ్రులు ఏడ్చేవాళ్ళు. “మా అబ్బాయికి ఎంతొస్తుందో తెలియకుండా ఏ కాలేజీకి ఒప్పుకోమంటారు?” అని అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. సరిగ్గా అప్పుడే, మధ్యలో చదువు ఆపేసినవాళ్ళ లెక్కలు ఇరవై ఏళ్ళుగా చూస్తున్న పెద్దావిడ రిటైరైంది. జనవరిలో ఆ పని నాకు అప్పజెప్పారు. ఆవిడ వెళ్ళేముందు రెండు రోజులు పక్కన కూర్చుని నేర్పింది. సెలవుల సంగతి మా మాటల్లోకి రాలేదు.

ఇప్పుడు ఆ లెక్క చెప్తాను. విద్యార్థి సెమిస్టరు మధ్యలో మానేస్తే వచ్చిన సాయమంతా అతనిది కాదు. ఎన్ని రోజులు చదివితే అంత వంతు సంపాదించుకున్నట్టు. సెమిస్టరులో 60 శాతం రోజులు దాటితే మాత్రం మొత్తం అతనిదే. దాటకపోతే మిగతాది వెనక్కి కట్టాలి. అందులో కాలేజీ కట్టాల్సిన భాగాన్ని, విద్యార్థి మానేశాడని తేల్చిన రోజు నుంచి 45 రోజుల్లో కట్టెయ్యాలి. ఇక సెలవులు. వరసగా అయిదు రోజులు, అంతకన్నా ఎక్కువ క్లాసులు లేకపోతే ఆ రోజులన్నీ లెక్కలోంచి తీసెయ్యాలి. శుక్రవారంతో క్లాసులు ఆగి, వారమంతా సెలవై, మళ్ళీ సోమవారం మొదలైతే, ముందు శని ఆదివారాలు, వెనక శని ఆదివారాలు కూడా ఆ సెలవులోవే.

మా క్యాలెండర్లో “స్ప్రింగ్ బ్రేక్: మార్చి 4-8” అని అచ్చేశారు. నేను అదే ఎక్కించాను. నిజానికి ఆ సెలవు మార్చి 2 శనివారం నుంచి 10వ తేదీ ఆదివారం దాకా, తొమ్మిది రోజులు. సెమిస్టరు జనవరి 8న మొదలై మే 3న ముగిసింది, మొత్తం 117 రోజులు. తొమ్మిది తీసేస్తే 108. నా లెక్కలో 112. నాలుగు రోజులు తేడా.

ఆడిటర్లు నలభై మంది ఫైళ్ళు అడిగారు. అవి కాక మానేసినవాళ్ళలో ఆరుగురివి విడిగా. మొదటి వారం బాగానే గడిచింది. ఆదాయం రుజువులు, సంతకాలు, లోను కౌన్సెలింగ్ చేసిన తేదీలు, పాస్ మార్కుల నియమాలు, అన్నీ ఉన్నాయి. కంప్యూటర్ విభాగంవాళ్ళని విద్యార్థుల సమాచారానికి ఎలా కాపలా కాస్తున్నారని గంటసేపు అడిగారు.

ఒక్క ఫైలు దగ్గర మాత్రం నాకు చెమటలు పట్టాయి. ఒకబ్బాయికి స్ప్రింగ్‌లో అన్ని సబ్జెక్టుల్లోనూ ఎఫ్. ఇలాంటివాళ్ళని నియమాలు వదలవు. చివరిదాకా వచ్చి తప్పాడా, మధ్యలోనే చెప్పకుండా మానేశాడా అని కాలేజీ తేల్చాలి. మానేసినట్టయితే ఆ సంగతి సెమిస్టరు అయిన 30 రోజుల్లోపు తేలాలి. చివరిసారి క్లాసులో ఉన్న తేదీకి రుజువు లేకపోతే సగం సెమిస్టరే చదివినట్టు లెక్క. నా ఫైల్లో ఏప్రిల్ 10 అని ఉంది, బయాలజీ టీచర్ పంపిన ఈమెయిల్ ఉంది. ఆ అబ్బాయి ఏప్రిల్ ఆఖరుదాకా ఆన్‌లైన్‌లో లాగిన్ అయ్యాడని కూడా అందులో రాసింది. లాగిన్ చెల్లదు. ఊరికే తెరిచి చూస్తే చదివినట్టు కాదు. ఏదో ఒక పరీక్ష రాయాలి, అసైన్‌మెంటు ఇవ్వాలి, చర్చలో మాట్లాడాలి. “ఏప్రిల్ 10కి కాయితం ఉందా?” అని అడిగింది ఆడిటర్.

పరుగున బయాలజీ బిల్డింగుకి వెళ్ళాను. టీచర్ తన గదిలో బీరువా పక్కనున్న అట్టపెట్టె కిందకి దించింది. ల్యాబ్ క్విజ్ కాయితాలు, సెక్షన్ల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. ఇద్దరం నేల మీద కూర్చుని వెతికాం. మూడో కట్టలో దొరికింది. పైన కుడివైపు ఆ అబ్బాయి చేతిరాతతో పేరు, కింద 4/10 అని తేదీ (ఇక్కడ నెల ముందు రాస్తారు). పదికి మూడు మార్కులు, ఆకుపచ్చ ఇంకుతో. ఒక మూల కాయితం మీద ఏదో రసాయనం పడి పసుపు మరక. ఆ మరకని కూడా వదలకుండా స్కాన్ చేశాను. ఆ ఒక్క కాయితం వల్ల అతను 60 శాతం దాటినట్టు రుజువైంది, ఒక్క డాలరు వెనక్కి కట్టక్కర్లేకపోయింది. ఆ టీచర్ ఎందుకు దాచిందని అడిగితే, “మా అమ్మ కూడా టీచరే, ఏడాది తిరిగేదాకా ఏదీ పారెయ్యొద్దనేది” అంది. ఆవిణ్ణి కావలించుకున్నాను.

ఆ సంతోషంతో ఆఫీసుకి తిరిగొచ్చాక, మధ్యాహ్నం క్యాలెండరు ప్రశ్న వచ్చింది.

ఆడిటర్ అమ్మాయి మందలించలేదు. “ఇది చాలాచోట్ల చూస్తుంటాం” అని మెల్లగా చెప్పి, ఆరు ఫైళ్ళూ మళ్ళీ లెక్కించమంది. తప్పు మూలం సెటప్‌లో ఉంది కాబట్టి ఆరు కాదు, ఆ సెమిస్టరులో మానేసిన పందొమ్మిది మందివీ తప్పై ఉండొచ్చని నేనే అన్నాను. దాచి లాభం లేదు. దాచాలని నాకు అనిపించనూ లేదు. ఆ రాత్రి ఇంట్లో పిల్లలు పడుకున్నాక, పక్కన ఆడిటర్‌ది లాంటి క్యాలెండరే ఒకటి పెట్టుకుని మొదటి పేరు నుంచి మొదలుపెట్టాను.

లెక్క చేస్తుంటే నేను ఊహించనిది ఒకటి బయటపడింది. సెలవుకి ముందే మానేసిన పదకొండు మందికి నా తప్పు వల్ల నష్టం జరిగింది. ఉదాహరణకి ఫిబ్రవరి 16న మానేసినవాళ్ళు 40 రోజులు చదివారు. 112తో భాగిస్తే 35.7 శాతం, 108తో అయితే 37 శాతం. సెమిస్టరుకి 3,697 డాలర్ల పెల్ వచ్చినవాళ్ళకి 48 డాలర్లు తక్కువ ఇచ్చాం. సెలవు తర్వాత మానేసినవాళ్ళకి దీనికి తిరగబడింది. వాళ్ళలో ముగ్గురికి కొంచెం ఎక్కువ ఇచ్చాం. నలుగురు ఏ లెక్కలో చూసినా 60 శాతం దాటినవాళ్ళే, వాళ్ళకి తేడా లేదు. అప్పటికి పద్దెనిమిది పేర్లు అయ్యాయి.

పందొమ్మిదో పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ అమ్మాయి మానేసిన తేదీ మార్చి 20.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. బుధవారం మధ్యాహ్నం. ఇంట్లో పరిస్థితి బాగోలేదని, ఇక చదవలేనని వచ్చి నా ఎదుట కుర్చీలో కూర్చుంది. కోటు కూడా విప్పలేదు. “ఇవాళ మానేస్తే నేనేమైనా తిరిగి కట్టాలా?” అని అడిగింది. నేను స్క్రీన్ చూశాను. 60.7 శాతం. “దాటేశావు, ఏమీ కట్టక్కర్లేదు” అని చెప్పాను. ఆ మాట విని అక్కడే సంతకం పెట్టి వెళ్ళింది.

సరైన లెక్క ఇది. జనవరి 8 నుంచి మార్చి 20కి 73 రోజులు. తొమ్మిది తీసేస్తే 64. 108లో 64 అంటే 59.3 శాతం. దాటలేదు. ఇంకొక్క రోజు ఆగి 21న మానేసి ఉంటే 65 రోజులు, 60.2 శాతం, దాటేసేది. 19న మానేసినా నా తప్పు లెక్కలోనే 60కి లోపు వచ్చేది, అప్పుడు ఆ మాట చెప్పేదాన్నే కాదు. సెమిస్టరు మొత్తం మీద నా తప్పు ఒక మనిషిని గీతకి ఇటు నుంచి అటు నెట్టే రోజు ఒక్కటే ఉంది. ఆ అమ్మాయి ఆ రోజే వచ్చింది. ఆమె పెల్ గ్రాంటులో 1,505 డాలర్లు ప్రభుత్వానికి వెనక్కి వెళ్ళాలి. మిగతా ముగ్గురివి కలిపినా మొత్తం 1,700 దాటదు.

రాత్రి రెండయింది. నరసరావుపేటలో మధ్యాహ్నం. నాన్నకి ఫోన్ చేశాను. నాన్న డిగ్రీ కాలేజీ ఆఫీసులో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. ఈ-పాస్ (స్కాలర్‌షిప్‌ల ఆన్‌లైన్ పద్ధతి) రాకముందు రోజుల్లో స్కాలర్‌షిప్ బిల్లులు, పిల్లలు డబ్బు ముట్టినట్టు సంతకాలు పెట్టే అక్విటెన్స్ రోళ్ళు ఆయనే చూసేవారు. చిన్నప్పుడు మా ఇంట్లో “ఆడిట్ వాళ్ళొస్తున్నారు” అన్న మాట వినిపిస్తే ఆ వారం నాన్న అన్నం సరిగ్గా తినేవారు కాదు.

“ఏంటమ్మా ఈ టైములో? పిల్లలు బాగానే ఉన్నారా?”

“అందరూ బాగున్నాం నాన్నా. ఆడిట్‌లో నా లెక్క తప్పొచ్చింది.”

“పేరా రాశారా?”

“రాస్తారు. ఇక్కడ ఫైండింగ్ అంటారు.”

ఆడిట్‌లో పట్టుకున్న తప్పుని రిపోర్టులో రాస్తే, నాన్న ఆఫీసు భాషలో అది పేరా. మొత్తం చెప్పాను. నాన్న మధ్యలో అడ్డురాకుండా విన్నారు. రోజుల లెక్క మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నారు, పక్కన కాయితం మీద రాసుకుంటున్నట్టు చప్పుడు వినిపించింది. చివరికి ఒక్కటే అడిగారు. “ఆ పదిహేనొందలూ ఆ పిల్ల దగ్గర వసూలు చేస్తారా?”

“చెయ్యొచ్చు నాన్నా. రూల్ ఒప్పుకుంటుంది.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఎప్పుడో ఒక ఏడాది అటెండెన్స్ లెక్కలో ఆఫీసు చేసిన తప్పుకి పేరా పడితే, ఆ రికవరీని హాస్టల్ పిల్లల మరుసటి ఏడు స్కాలర్‌షిప్‌లోంచి కోసుకున్నారట. “నేను చిన్న క్లర్కుని, ఏం అనలేకపోయాను. ఒకడు చదువు మానేసి మిర్చి యార్డులో పనికి వెళ్ళాడు తల్లీ. వాడి మొహం ఇంకా కళ్ళముందే ఉంది.” ఇంతకాలం మా ఎవరికీ ఆయన ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడు మా డైరెక్టరావిడా నేనూ కలిసి ఫైనాన్స్ విభాగం పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ప్రభుత్వానికి కట్టాల్సింది వెంటనే కట్టేయడం మీద చర్చే లేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఖాతాలో 1,505 డాలర్ల ఫీజు బాకీ తేలుతుంది. ఆయన మర్యాదగానే అన్నారు, “నిబంధన ప్రకారం బిల్లు పంపొచ్చు. ఇప్పుడు వదిలేస్తే ప్రతిసారీ వదలాల్సి వస్తుంది.” ఆయన బాధ్యత ఆయనది, నాకు అర్థమైంది. కానీ నాన్న గొంతు చెవిలో ఉంది. మార్చి 20న నేను ఏం చెప్పానో, మా సిస్టంలో నేను రాసుకున్న నోటుతో సహా ఆయన ముందు పెట్టాను. “ఆమె అడిగింది. మనం తప్పు చెప్పాం. సరైన అంకె కనిపించి ఉంటే ఒక్క రోజు ఆగమని చెప్పేదాన్ని. ఆమె ఆగేది” అన్నాను. నా గొంతు వణికింది. ఆయన నోటు రెండుసార్లు చదివారు. కాలేజీ సొంత నిధుల్లోంచి ఆ 1,505 సర్దేయమన్నారు. మిగతా ముగ్గురివీ అంతే. తక్కువ వచ్చిన పదకొండు మందికీ ఆ తేడా కాలేజీయే వాళ్ళ ఖాతాల్లో వేసింది. కొందరికి 20 డాలర్లు, కొందరికి 50. ఒక్కొక్కరికీ ఎందుకు వేస్తున్నామో నేనే ఉత్తరం రాశాను. చిన్న మొత్తమే అయినా అది వాళ్ళ డబ్బు.

ఫైండింగ్ తప్పలేదు. ఆడిట్ భాషలో తప్పుకి మూడు మెట్లుంటాయి, మాది నడిమి మెట్టు, సిగ్నిఫికెంట్ డెఫిషియెన్సీ. మొత్తం చిన్నదైనా, ఒకరు ఎక్కించినదాన్ని రెండోవారు చూసే ఏర్పాటు లేకపోవడాన్ని వాళ్ళు పెద్ద లోపంగా చూశారు. అది న్యాయమైన మాటే. నియమం ఏంటి, జరిగిందేంటి, ఎందుకు జరిగింది, దానివల్ల ఏమైంది, ఎంత డబ్బు ప్రశ్నార్థకం, అన్నీ వరసగా రాశారు. చదువుతుంటే, నా పేరు లేకపోయినా, ప్రతి వాక్యంలో నేనే కనిపించాను. దానికి జవాబుగా కాలేజీ దిద్దుబాటు ప్రణాళిక ఇవ్వాలి. అందులో ఎవరు చేస్తారో పేరు, ఎప్పటికి చేస్తారో తేదీ తప్పనిసరిగా ఉండాలి. డైరెక్టరావిడ తన పేరు వేస్తానంది. బాధ్యత మనిషిగా ఆవిడ పేరుతో పాటు నా పేరు కూడా వేయమన్నాను.

ఆ ప్రణాళికలో గొప్ప సంగతులేమీ లేవు. రిజిస్ట్రార్ ఆఫీసు ఇకమీదట క్యాలెండర్లో సెలవుని “చివరి క్లాసు రోజు, తిరిగి మొదలయ్యే రోజు” అని అచ్చెయ్యాలి. సెటప్ నేను ఎక్కిస్తే రిజిస్ట్రార్ వేళ్ళతో లెక్కపెట్టి పొట్టి సంతకం పెట్టాలి. మానేసిన ప్రతి విద్యార్థి లెక్కనీ రెండో మనిషి వేరే కాయితం మీద మళ్ళీ చెయ్యాలి. ఇంకొక మాట ఆడిటర్లు నోటితో చెప్పారు, దాన్నీ చేర్చాం. మానేసిన విద్యార్థి స్థితిని జాతీయ లోను రికార్డులకి 60 రోజుల్లో పంపాలి. ఒకటి రెండు కేసుల్లో గడువు లోపే పంపినా తేదీ తేడాగా వెళ్ళింది. లోను తిరిగి కట్టడానికి ముందు ఉండే ఆరు నెలల వ్యవధి ఆ తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి, మా ఆఫీసులో తేదీ తప్పితే ఎక్కడో ఒక పిల్లాడికి అనుకోని నెలలో వాయిదా బిల్లు వస్తుంది.

ఫాల్ సెమిస్టరు లెక్కలు కూడా అన్నీ తిరగేశాను. అవి సరిగ్గానే ఉన్నాయి. 2023లో థ్యాంక్స్‌గివింగ్‌కి మా కాలేజీ గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులే సెలవిచ్చింది. అయిదు కాలేదు కాబట్టి తీసెయ్యక్కర్లేదు. బుధవారం కూడా ఇచ్చి ఉంటే అయిదయ్యేది. అప్పుడు అదీ తీసెయ్యాల్సి వచ్చేది. వేరే కాలేజీల్లో ఇదే పని చేసే తెలుగువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇవాళే మీ సెటప్ తెరిచి ఈ రెండు సెలవులూ చూసుకోండి.

రిపోర్టు గడువులోపే వెళ్ళింది. తర్వాత ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ నుంచి చివరి నిర్ణయం ఉత్తరం వచ్చింది. కట్టాల్సింది కట్టేశారు, దిద్దుబాటు సరిపోయింది అని రెండు పేజీల్లో ఉంది. నాన్నకి చదివి వినిపిస్తే, “పేరా డ్రాప్ అయినట్టేగా” అన్నారు. అవునన్నాను.

అంతకు ముందే, 2025 జనవరిలో, ఆ అమ్మాయి తిరిగొచ్చింది. అదే కోటు. ఇంట్లో కాస్త కుదుటపడిందని, మళ్ళీ చేరతానని చెప్పింది. ఖాతా తెరిచాను. బాకీ సున్నా. బాకీ ఉండి ఉంటే ఆ రోజు రిజిస్ట్రేషనే జరిగేది కాదు. నేను తనకి జరిగినదంతా చెప్పి, ఆ రోజు తప్పు అంకె చెప్పినందుకు క్షమించమన్నాను. తను కాసేపు నా వైపే చూసి, “ఈసారి ఒకవేళ ఆగాల్సొస్తే ఏ తేదీ దాటాలో రాసిస్తారా?” అని అడిగింది.

కొత్త క్యాలెండరు తీశాను. జనవరి 13 నుంచి మే 9. సెలవు మార్చి 8 శనివారం నుంచి 16 ఆదివారం. తన ముందే ఒక్కో గడిలో చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టాను, తర్వాత పక్క సీటావిడ చేత ఇంకోసారి లెక్కపెట్టించాను. ఇద్దరికీ ఒకటే వచ్చింది. చిన్న కాయితం మీద “మార్చి 27” అని రాసి ఇచ్చాను. తను దాన్ని మడిచి ఫోను కవరు వెనక పెట్టుకుంది.